నా వీడియో చూసి ఒక తమ్ముడు ఇరుసు విరగ్గొట్టుకున్నాడు: క్రాలర్ యాక్సిల్ మోడ్స్‌లో నేను చెప్పకుండా వదిలేసింది

ఈ రోజు ఎపిసోడ్‌లో కొత్త బండి లేదు, అన్‌బాక్సింగ్ లేదు. టేబుల్ మీద కనిపిస్తోందే, ఇదొక్కటే ఉంది.

[స్క్రీన్ మీద: విరిగిన ముందు ఇరుసు. కుడివైపు ప్లాస్టిక్ కప్పు రెండుగా చీలిపోయి ఉంది.]

ఇది నా బండిది కాదు. కర్నూలు వైపు నుంచి కొరియర్‌లో వచ్చింది. పంపింది ఇంటర్ మొదటి సంవత్సరం చదివే తమ్ముడు. వేసవి సెలవుల్లో రెండు నెలలు మొబైల్ రిపేర్ షాపులో కూర్చుని, ఆ డబ్బులతో సెకండ్ హ్యాండ్‌లో ఒక 1/10 స్కేల్ రాక్ క్రాలర్ కొనుక్కున్నాడు. మన ఛానల్‌లో స్టీరింగ్ గురించి చేసిన ఎపిసోడ్ చూసి, నేను చెప్పింది చెప్పినట్టు చేశాడు. వాళ్ళ ఊరి గుట్ట మీద మూడో రోజే ముందు ఇరుసు పోయింది. వాయిస్ మెసేజ్‌లో కోపంగా ఏమీ అనలేదు. "అన్నా, మీ బండికి ఏం కాలేదు కదా, నాది ఎందుకు పోయింది?" అని అడిగాడంతే.

తిట్టి ఉంటే "సారీ బ్రో" అని రిప్లై పెట్టి ఊరుకునేవాడినేమో. ఈ ప్రశ్నకి మాత్రం నా దగ్గర జవాబు లేదు. వెతకడానికి మూడు వారాలు పట్టింది. వెతికితే తప్పు నాదేనని తేలింది. అందుకే ఈ ఎపిసోడ్.

మొదటిసారి చూస్తున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు. రాక్ క్రాలర్ అంటే స్పీడ్ బండి కాదు. మనం నడిచే వేగం కంటే నెమ్మదిగా రాళ్ళ మీద పాకే బండి. మోటార్ వేగాన్ని గేర్లతో బాగా తగ్గించి, దాన్నంతా బలంగా మార్చి చక్రాలకి పంపిస్తారు. ముందొక ఇరుసు, వెనకొక ఇరుసు, నాలుగు చక్రాలకీ డ్రైవ్. కార్లలో లాగా ఒక్కో చక్రం విడిగా ఊగదు. ఇరుసు మొత్తం ఒకే కడ్డీలా అటూ ఇటూ వాలుతుంది, పాత జీపుల్లో లాగా. మన హైదరాబాద్‌లో ఈ హాబీకి జాగా వెతుక్కోవాల్సిన పని లేదు. ఖాజాగూడ వైపు వెళ్తే సుమారు 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైట్ బండరాళ్ళు ఫ్రీగా పడి ఉన్నాయి. ఉన్నన్నాళ్ళు ఆడుకుందాం.

సరే, ఆ పాత ఎపిసోడ్‌లో నేనేం చెప్పాను? రెండు సంగతులు. ఒకటి, ముందు డిఫరెన్షియల్‌ని లాక్ చేసెయ్యండి అన్నాను. రెండు, స్టీరింగ్ ఎక్కువ తిరగాలంటే నకిల్ వెనక ఉండే ఆ చిన్న ప్లాస్టిక్ స్టాపర్‌ని ఆకురాయితో రాసెయ్యండి, ఐదు నిమిషాల పని, రూపాయి ఖర్చు లేదు అన్నాను. థంబ్‌నెయిల్ మీద కూడా అదే రాశాను, "రూపాయి ఖర్చు లేదు" అని. ఇప్పుడు ఆ థంబ్‌నెయిల్ చూస్తే నాకే సిగ్గేస్తోంది.

ఆ రెండు మాటలూ విడివిడిగా తప్పు కాదు. అసలు చిక్కు అక్కడే ఉంది.

లాక్ సంగతి ముందు చూద్దాం. మామూలు డిఫరెన్షియల్ ఏం చేస్తుంది? మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం వెళ్ళాలి, లోపలిది తక్కువ. ఆ తేడాని అది సర్దుతుంది. రోడ్డు మీద అది వరమే. రాయి మీద మాత్రం ఒక చక్రం గాల్లోకి లేచిందంటే, తిరగడమంతా ఆ గాల్లో ఉన్న చక్రానికే పోతుంది. నేల మీద ఉన్నది ఊరికే నిలబడి చూస్తుంది. అందుకే క్రాలర్లలో డిఫరెన్షియల్ తీసేసి రెండు చక్రాల్నీ ఒకే కడ్డీగా కట్టేస్తారు. చాలా క్రాలర్లు ఫ్యాక్టరీ నుంచే అలా వస్తాయి. రాని వాటికి లోపలి చిన్న గేర్ల మధ్య ఎరాల్డైట్ లాంటి ఎపాక్సీ నింపి ఒక రాత్రి వదిలేస్తే సరిపోతుంది. గ్రీజు పూర్తిగా కడగకపోతే మాత్రం పట్టదు. హాట్ గ్లూ వద్దు, వేడికి మెత్తబడుతుంది. ట్రాక్సాస్ వాళ్ళ టీఆర్‌ఎక్స్-4 లాంటి వాటిలో రిమోట్ నుంచే లాక్ వేసి తీసే ఏర్పాటు ఉంది, అది వేరే బడ్జెట్.

ఇక్కడ నేను చెప్పకుండా వదిలేసిన మొదటి లెక్క వస్తుంది. డిఫరెన్షియల్ ఓపెన్‌గా ఉన్నప్పుడు ఇరుసుకి వచ్చే బలం రెండు చక్రాలకీ సగం సగం పంచబడుతుంది. లాక్ చేశాక ఒక చక్రం గాల్లో ఉండి, రెండోది రాళ్ళ సందులో ఇరుక్కుంటే? మొత్తం బలం ఆ ఒక్క చక్రం షాఫ్ట్ మీదే పడుతుంది. సగం మోసే షాఫ్ట్ ఇప్పుడు మొత్తం మోయాలి. అంటే రెండింతలు.

ఇప్పుడు స్టీరింగ్. ముందు చక్రం తిరుగుతూనే పక్కకి మళ్ళాలి కాబట్టి షాఫ్ట్ మధ్యలో ఒక జాయింట్ ఉంటుంది. చవక బండ్లలో అది డాగ్‌బోన్. కడ్డీ చివర ఒక గుండు, ఆ గుండుకి అడ్డంగా పిన్ను, ఆ పిన్ను ఒక కప్పులో ఉన్న గాడిలో కూర్చుంటుంది. కాస్త మంచి వాటిలో స్టీల్ యూనివర్సల్ జాయింట్ ఉంటుంది. చాలామంది దాన్ని సీవీడీ అని అమ్ముతారు. పేరులో "స్థిర వేగం" ఉన్నా అందులో చాలావరకు మామూలు ఒంటి యూనివర్సల్ జాయింట్లే.

ఒంటి జాయింట్‌కి ఒక అలవాటుంది. వంగిన కోణంలో ఒకే వేగంతో తిరగదు. లోపలి షాఫ్ట్ నిదానంగా ఒకే వేగంతో తిరుగుతున్నా, బయటి వైపు ఒక చుట్టులో రెండుసార్లు పరిగెత్తి, రెండుసార్లు నీరసపడుతుంది. ఎంత తేడా? కోణం కొసైన్ అంత. 30 డిగ్రీల దగ్గర వేగం 0.87 నుంచి 1.15 మధ్య ఊగుతుంది. పెద్దగా తెలియదు. 45 డిగ్రీల దగ్గర 0.71 నుంచి 1.41. వేగం తగ్గిన క్షణంలో బలం పెరుగుతుంది, అంటే అదే 1.41 రెట్లు. స్టీరింగ్ పూర్తిగా తిప్పి యాక్సిలరేటర్ నొక్కితే బండి ముందుభాగం టక టక ఎగురుతుంది కదా, అది ఇదే. ఇంటర్‌లో నేర్చుకున్న కొసైన్ ఇన్నేళ్ళకి ఇక్కడ పనికొచ్చింది నాకు.

ఇప్పుడు రెండూ కలపండి. లాక్ వల్ల 2 రెట్లు. 45 డిగ్రీల వల్ల 1.41 రెట్లు. ఇవి కూడుకోవు, గుణించుకుంటాయి. 2.8 రెట్లు. అంటే ఫ్యాక్టరీ వాడు ఒక లెక్కలో పెట్టిన ప్లాస్టిక్ కప్పు మీద దాదాపు మూడింతల భారం. దానికి తోడు ఆ కోణంలో డాగ్‌బోన్ పిన్ను గాడి అంచుకి వచ్చేస్తుంది, లోపల పూర్తిగా కూర్చోదు. అందుకే ఈ కప్పు అడుగున కాకుండా అంచు దగ్గర చీలింది. చూడండి, దగ్గరగా పెడతాను.

మరి నా బండి ఎందుకు బతికింది? ఈ ప్రశ్నకే మూడు వారాలు పట్టింది. నా బండిని విప్పి చూస్తే, ఏడాది కిందట నేనే వేసిన స్టీల్ యూనివర్సల్స్ కనిపించాయి. వేసిన సంగతే మర్చిపోయాను. అవి ఉన్న బండి మీద స్టాపర్ రాసి, వీడియో తీసి, "ఖర్చు లేదు" అని చెప్పాను. సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినప్పుడు టెస్టర్ వచ్చి బగ్ చూపిస్తే "నా మెషీన్‌లో బాగానే నడుస్తోంది కదా" అనేవాళ్ళ మీద మేమంతా జోకులు వేసుకునేవాళ్ళం. ఆ జోకులో ఇప్పుడు నేనున్నాను.

ఈ లాక్, స్టీరింగ్ రెండూ కలిస్తేనే విరుగుతుందన్న సంగతి నిజానికి నాకు తట్టలేదు. మా నాన్నకి తట్టింది.

మాది మిర్యాలగూడ దగ్గర ఊరు. సాగర్ ఎడమ కాలువ కింద వరి. ఈ విరిగిన ఇరుసు బ్యాగులో వేసుకుని పండక్కి వెళ్ళాను. నేను ఉద్యోగం మానేసినప్పటి నుంచి నాన్న నా పని గురించి ఏమీ అడగరు. ఎవరైనా అడిగితే "ఫోన్ల ఏదో చేస్తడు" అంటారు. ఆ రోజు అరుగు మీద ఈ ముక్కలు పరిచి కూర్చుంటే, కళ్ళజోడు పెట్టుకుని వచ్చి పక్కన కూర్చున్నారు.

"ఏందిరా అది?"

"ఇరుసు నాయినా. ఇరిగింది. ఎందుకు ఇరిగిందో చూస్తున్న."

చేతిలోకి తీసుకుని ఒక చక్రం తిప్పారు. రెండోది దాంతో పాటే తిరిగింది.

"దీనికి లాకు ఎప్పుడూ ఏసే ఉంటదా?"

"ఆ. తీసే పని లేదు."

"లాకు ఏసి మలుపు తిప్పుతరా?"

"తిప్పుతం."

"మరి ఇరగకుంట ఉంటదా?"

అంతే. కళ్ళజోడు తీసి లేచి వెళ్ళిపోయారు. నేనేమో కొసైన్ల దాకా వెళ్ళి వచ్చాను, ఆయన ముప్పై ఏళ్ళుగా ట్రాక్టర్ సీటు మీద నేర్చుకుంది అడిగారు. ట్రాక్టర్‌కి డిఫరెన్షియల్ లాక్ పెడల్ ఉంటుంది, మీలో ఊళ్ళో పెరిగినవాళ్ళకి తెలుసు. దమ్ము చేసేటప్పుడు ఒక చక్రం బురదలో ఊరికే తిరుగుతుంటే పెడల్ తొక్కుతారు, రెండు చక్రాలూ కలిసి లాగుతాయి. బయటపడగానే కాలు తీసెయ్యాలి. లాక్ వేసి ఉండగా స్టీరింగ్ తిప్పకూడదు. ఏ ట్రాక్టర్ డ్రైవర్ని అడిగినా ముందు చెప్పే మాట ఇదే. బయటి చక్రం ఎక్కువ దూరం వెళ్ళాలి, కడ్డీ వెళ్ళనివ్వదు, ఆ కొట్లాట అంతా ఇరుసు లోపల జరుగుతుంది.

మన బండికి లెక్క వేసి చూశాను. రెండు చక్రాల మధ్య 200 మి.మీ. ఉందనుకుందాం, మలుపు మధ్య గీత 700 మి.మీ. వ్యాసార్ధం. లోపలి చక్రం 600 మీద, బయటిది 800 మీద తిరగాలి. బయటిది మూడో వంతు ఎక్కువ దూరం పోవాలన్నమాట. లాక్ ఉంటే ఏదో ఒక టైరు జారి తీరాలి. ఇసక, మట్టి మీద హాయిగా జారుతుంది, ఏమీ కాదు. గరుకు గ్రానైట్ మీద మెత్తటి క్రాలర్ టైరు జారదు. టైరు జారకపోతే ఇరుసు మెలితిరుగుతుంది.

అయితే ఇప్పుడు ఏం చెయ్యాలి? లాక్ తీసెయ్యాలా? వద్దు. లాక్ లేని క్రాలర్‌తో రాయి ఎక్కడం కుదరదు. స్టీరింగ్ కోణం దగ్గరే ఆగాలి.

మీ బండిలో ముందు డాగ్‌బోన్లు, ప్లాస్టిక్ కప్పులు ఉంటే స్టాపర్ని ముట్టుకోకండి. 30, 35 డిగ్రీలు చాలు. మీది ఎంత ఉందో తెలియాలంటే పైనుంచి ఫోన్‌తో ఫొటో తీసి, జామెట్రీ బాక్స్‌లో ప్రొట్రాక్టర్ స్క్రీన్ మీద పెట్టి కొలవండి. నేనూ అలాగే కొలిచాను. నా బండి 46 వచ్చింది.

స్టీల్ యూనివర్సల్స్ ఉన్నవాళ్ళు కొంచెం రాసుకోవచ్చు. అర మిల్లీమీటర్ రాయడం, పెట్టి చూడడం, మళ్ళీ అర మిల్లీమీటర్. చేత్తో చక్రం తిప్పుతూ జాయింట్ ఎక్కడ పట్టేస్తోందో చూడండి. పట్టిన చోటు నుంచి రెండు మూడు డిగ్రీలు వెనక్కి రండి, అదే మీ హద్దు. రాసేటప్పుడు స్టీరింగ్ రాడ్ మధ్యలో ఉన్న గేర్ గుండ్రానికి తగులుతోందా అని కూడా చూడాలి. తమ్ముడి బండిలో అది కూడా జరిగింది. రాడ్ హౌసింగ్‌కి కొట్టుకుని ఆగిపోయింది, సర్వో మాత్రం ఇంకా తిప్పాలని తోస్తూనే ఉంది. ఆగిపోయిన సర్వో అన్నిటికంటే ఎక్కువ కరెంట్ లాగుతుంది. రెండు నిమిషాల్లో చెయ్యి పెట్టలేనంత వేడి. అదృష్టం, కాలిపోలేదు.

దానికి మందు రిమోట్‌లో ఉంది. చవక రిమోట్‌లో కూడా ఎస్‌టీ డీఆర్ అని ఒక చిన్న నాబ్ ఉంటుంది. స్టీరింగ్ ఎంత దూరం పోవాలో అక్కడ తగ్గించుకోవచ్చు. పెద్ద రిమోట్లలో అయితే ఎడమ, కుడి వేర్వేరుగా ఎండ్ పాయింట్ పెట్టుకోవచ్చు.

"మరి నాబ్‌తో తగ్గిస్తే స్టాపర్ రాసేసినా పర్లేదు కదా" అని కామెంట్ పెట్టబోతున్నారని తెలుసు. నేను కూడా అలాగే అనుకున్నాను. కాదు. స్టాపర్ ఉన్నది సర్వో కోసమే అనుకుంటే ఆ వాదన కరెక్టే. కానీ రాయి కూడా చక్రాన్ని తిప్పుతుంది. టైరు పక్క నుంచి రాయి తోస్తే, సర్వో బలం చాలక చక్రం మీరు పెట్టిన హద్దు దాటి మెలిపడుతుంది. రాయికి మీ రిమోట్ నాబ్‌తో పని లేదు. దాన్ని ఆపేది ఆ ప్లాస్టిక్ ముక్క ఒక్కటే.

ఇప్పటికే రాసేసినవాళ్ళ సంగతి చివర్లో చెప్తాను, తమ్ముడే ఒక ఉపాయం కనిపెట్టాడు.

మధ్యలో ఇత్తడి గురించి. ఎక్కువ మంది అడిగేది ఇదే. "అన్నా, బ్రాస్ నకిల్స్ వేయాలా?" ఇత్తడి ప్లాస్టిక్ కంటే చాలా బరువు, ఘనపు సెంటీమీటర్‌కి దాదాపు 8.5 గ్రాములు. అల్యూమినియం 2.7. ఇరుసు నేలకి దగ్గరగా ఉంటుంది కాబట్టి అక్కడ బరువు పెడితే బండి తొందరగా తిరగబడదు. మా ఊళ్ళో ట్రాక్టర్ వెనక టైర్లలో నీళ్ళు నింపేది కూడా చక్రాల దగ్గర బరువు కోసమే, పట్టు పెరగడానికి.

కానీ కొనేముందు ఈ లెక్క చూడండి. 2.8 కిలోల బండి, ముందు వెనక ఇరుసుల మధ్య 313 మి.మీ., బరువు సగం సగం, బరువు కేంద్రం నేల నుంచి 90 మి.మీ. ఎత్తులో ఉందనుకుందాం. ఎక్కుడులో ఇది వెనక్కి పల్టీ కొట్టే కోణం 60 డిగ్రీలు. ముందు ఇరుసుకి 180 గ్రాముల ఇత్తడి వేస్తే 62 అవుతుంది. రెండు డిగ్రీలు. అదే బండిలో వెనక పైన ఉన్న 300 గ్రాముల బ్యాటరీని 200 మి.మీ. ముందుకి, 40 మి.మీ. కిందికి జరిపితే? 64. ఖర్చు రెండు జిప్ టైలు, ఒక వెల్క్రో ముక్క. ముందు బ్యాటరీ జరపండి, తర్వాత ఇత్తడి గురించి ఆలోచిద్దాం.

మీ బండికి ఎంత వస్తుందో ఇంట్లోనే చూడొచ్చు. ఒక చెక్క మీద బండి పెట్టి, వెనక టైర్లు జారకుండా సన్నటి పట్టీ అడ్డుపెట్టి, ముందువైపు మెల్లగా ఎత్తండి. చెక్క మీద ఫోన్ పెట్టి లెవెల్ యాప్ ఆన్ చేసుకోండి. ముందు చక్రాలు లేచే క్షణంలో యాప్ ఎంత చూపిస్తే అదే. కింద దిండు వేసుకోండి. నేను వేసుకోలేదు, ఫోన్ స్క్రీన్ గార్డ్ పోయింది.

ఇత్తడి మీద ఇంకో మాట. నకిల్ బరువు పెరిగితే సర్వోకి పని పెరుగుతుంది. చిన్న ప్లాస్టిక్ గేర్ల సర్వో ఉంటే అది తర్వాతి బాధితుడు. నేను బాలానగర్‌లో ఒక లేత్ షాపులో ఇత్తడి రింగులు చేయించుకున్నాను. కాగితం మీద "బేరింగ్ 5×11×4, రంధ్రం 11" అని రాసి ఇచ్చాను. ఆయన కాగితం చూసి నన్ను చూసి, "పదకొండు అంటే ఎట్లా? బేరింగ్ కొట్టి దించాలా, చేత్తో తోస్తే పోవాలా?" అన్నారు. బీటెక్ సీఎస్‌ఈ కదా మనది, నోట మాట రాలేదు. చేత్తో తోస్తే పోయేలా, ఊగకుండా అని చెప్తే నవ్వి, బేరింగ్‌నే ఇమ్మని అడిగి, దాన్ని చూస్తూ కోశారు. మీరెవరైనా లేత్‌కి వెళ్తే డ్రాయింగ్‌తో పాటు అసలు భాగాన్ని కూడా తీసుకెళ్ళండి.

నిజంగా రూపాయి ఖర్చు లేని పని ఒకటుంది, దాని మీద నేనిప్పటిదాకా వీడియో చెయ్యలేదు. ఎందుకంటే చూడ్డానికి బాగోదు. ఇరుసు లోపల క్రౌన్, పినియన్ మధ్య సందు సరిచేసుకోవడం. హౌసింగ్ విప్పి, పినియన్ పట్టుకుని క్రౌన్‌ని అటూ ఇటూ కదపండి. బాగా వదులుగా ఉంటే పళ్ళ కొనలు మాత్రమే తగులుతున్నాయన్నమాట, బలం పడ్డప్పుడు కట కటమని జారుతుంది, పళ్ళు పోతాయి. బేరింగ్ వెనక 0.1, 0.2 మి.మీ. షిమ్ వేసి దగ్గరికి తేవాలి. బిగుసుకుపోకూడదు, చేత్తో తిప్పితే చిన్న కదలిక ఉండాలి. కిట్‌తో వచ్చిన పొట్లంలో షిమ్‌లు ఉంటాయి, చాలామంది పారేస్తారు. బిగించేటప్పుడు ప్లాస్టిక్‌లోకి వెళ్ళే స్క్రూలకి థ్రెడ్ లాక్ పెట్టకండి, కొన్ని ప్లాస్టిక్‌లు దానికి పగుళ్ళు ఇస్తాయి. లోహంలోకి వెళ్ళే స్క్రూకే.

ఓవర్‌డ్రైవ్ గేర్ల గురించి అడిగినవాళ్ళకి ఒక్క నిమిషం. యాక్సియల్ వాళ్ళ పాత ఏఆర్60 ఇరుసులో మామూలుగా 38 పళ్ళ క్రౌన్, 13 పళ్ళ పినియన్. ముందు ఇరుసులో 36, 14 వేస్తే ముందు చక్రాలు వెనక వాటికంటే సుమారు 14 శాతం వేగంగా తిరుగుతాయి. ముందుభాగం లాగుతూ పోతుంది, మలుపు చిన్నదవుతుంది. స్టీరింగ్ కోణం పెంచకుండా మలుపు తగ్గించుకునే దారి ఇది. కానీ ముందు, వెనక చక్రాలు ఎప్పుడూ ఒకదానితో ఒకటి పెనుగులాడుతూ ఉంటాయి. ఆ బలమూ షాఫ్ట్‌ల మీదే. ఇందాకటి గుణకారంలో ఇంకో అంకె చేరిందనుకోండి.

ఇక తమ్ముడి దగ్గరికి. జవాబు దొరికాక ఫోన్ చేసి అంతా చెప్పాను. తప్పు నాదే, స్టీల్ యూనివర్సల్ సెట్ ఒకటి పంపుతాను అన్నాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "పంపండన్నా. కొరియర్ డబ్బులు మాత్రం నేనే ఇస్తా" అన్నాడు. సరే అన్నాను. పెట్టేసేముందు ఒకటి అడిగాడు.

"అన్నా, ఇది వేస్తే తర్వాత ఏది విరుగుతుంది?"

ఇన్ని ఎపిసోడ్లు చేశాను, ఇన్ని వేల కామెంట్లు చదివాను, ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. నేనూ వేసుకోలేదు. ప్లాస్టిక్ కప్పు పోయి స్టీల్ వచ్చింది, బలం ఎక్కడికీ పోదు, పక్క భాగానికి వెళ్తుంది. అతని బండిలో పక్క భాగం అంటే ప్లాస్టిక్ క్రౌన్. అది కప్పు కంటే ఖరీదు, మార్చాలంటే ఇరుసు మొత్తం విప్పాలి. అంటే నేను మంచి చేద్దామని పంపేది, అతనికి ఇంకా పెద్ద ఖర్చు తెచ్చిపెట్టొచ్చు.

దీనికి కూడా ట్రాక్టర్ వైపే చూశాను. పీటీఓతో తిరిగే పనిముట్లలో షియర్ బోల్ట్ అని ఒకటి పెడతారు. ఏదైనా రాయి అడ్డుపడి బిగుసుకుంటే ఆ చవక బోల్ట్ తెగిపోతుంది, గేర్‌బాక్స్ మిగులుతుంది. విరగాల్సింది ఏదో ముందే నిర్ణయించి పెడతారు. మన బండ్లలో ఆ పని చెయ్యగలిగింది స్లిప్పర్ క్లచ్. గేర్‌బాక్స్ దగ్గర స్ప్రింగ్‌తో బిగించిన నట్ ఉంటుంది, బలం హద్దు దాటితే ప్లేట్ జారుతుంది. చాలామంది దాన్ని ఫుల్‌గా బిగించేస్తారు, నేను కూడా. అతని బండిలో ఉంది. పూర్తిగా బిగించి, అక్కడి నుంచి కొద్ది కొద్దిగా వదులు చేస్తూ, చక్రం గోడకి ఆనించి మెల్లగా థ్రాటిల్ ఇచ్చినప్పుడు ప్లేట్ సన్నగా జారే దాకా రమ్మన్నాను. ఎక్కువసేపు జారనివ్వకూడదు, వేడెక్కుతుంది. బండికి స్లిప్పర్ లేనివాళ్ళు ఒక ప్లాస్టిక్ భాగాన్ని కావాలనే ప్లాస్టిక్‌గా వదిలెయ్యండి. ఏదైతే చవకో, ఏది బయటి నుంచే మార్చుకోవచ్చో అది. అన్నీ స్టీల్ చేసేస్తే విరిగేది ఎక్కడో మీరు ఎంచుకోలేరు.

రాసేసిన స్టాపర్‌కి తమ్ముడు చేసింది ఇది.

[స్క్రీన్ మీద: సీ-హబ్ అంచున చిన్న స్క్రూ తల.]

షాపులో పడి ఉన్న పాత డీవీడీ ప్లేయర్ నుంచి రెండు స్క్రూలు తీసి, స్టాపర్ ఉన్న చోట సన్నటి రంధ్రం చేసి బిగించాడు. స్క్రూ తల ఇప్పుడు స్టాపర్. లోపలికి తిప్పితే కోణం పెరుగుతుంది, బయటికి తిప్పితే తగ్గుతుంది. ఎడమా కుడీ సమానంగా పెట్టుకోవచ్చు. ఫ్యాక్టరీ స్టాపర్ కంటే బాగుంది, అబద్ధం చెప్పను. నా బండికి కూడా ఇదే వేశాను, 38 డిగ్రీల దగ్గర ఆపాను. రంధ్రం చేసేటప్పుడు కింగ్‌పిన్ స్క్రూకి దూరంగా ఉండండి, అక్కడ ప్లాస్టిక్ పలచన.

పాత ఎపిసోడ్ డిలీట్ చెయ్యలేదు. స్టాపర్ రాసే భాగం కత్తిరించేశాను, పైన పిన్ చేసిన కామెంట్‌లో ఈ లింక్ పెట్టాను, థంబ్‌నెయిల్ మార్చాను. ఆ వీడియో చూసి ఇంకెవరిదైనా విరిగి ఉంటే కామెంట్‌లో రాయండి. ఏ భాగం, ఎక్కడ చీలింది, అప్పుడు స్టీరింగ్ ఎంత తిరిగి ఉంది, ఈ మూడూ రాస్తే చాలు.

వచ్చే ఎపిసోడ్ తమ్ముడి ఊళ్ళోనే, అదే గుట్ట మీద. రెండు బండ్లూ తీసుకెళ్తున్నాం. స్పేర్ కప్పులు నాలుగు పెట్టుకున్నాను.